మాటలోని లయకూ ఊనికకూ మెదడు ఎలా స్పందిస్తుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

మనం మాట్లాడేటప్పుడు అక్షరాలు ఒకే వేగంతో, ఒకే బలంతో రావు. కొన్ని సాగుతాయి, కొన్ని కుదించుకుపోతాయి, కొన్నిచోట్ల గొంతు పైకి లేస్తుంది. వినేవారి మెదడు ఈ హెచ్చుతగ్గులను ఆధారం చేసుకొనే మాటల ప్రవాహాన్ని పదాలుగా, పదబంధాలుగా విడదీస్తుందని గత కొన్ని దశాబ్దాల పరిశోధనలు స్పష్టం చేస్తున్నాయి. ఆ పరిశోధనల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి, చైనీస్ భాషల మీద జరిగింది. అయితే తెలుగువారి చెవి గురించి కూడా ఒక ముఖ్యమైన అధ్యయనం ఉంది. దానిని మన పాఠకులు తెలుసుకోవాలన్న కోరికతోనే ఈ ప్రశ్నలనూ జవాబులనూ కూర్చాము.

లయ అంటే ఏమిటి? ఊనిక అంటే ఏమిటి?

మాటలో బరువైన అక్షరాలూ తేలికైన అక్షరాలూ కాలంలో అమరే తీరు లయ. ఒక పదంలో గాని వాక్యంలో గాని ఒక అక్షరం మిగిలినవాటికంటే ప్రస్ఫుటంగా వినిపించేలా పలకడం ఊనిక. ఊనిక అనగానే గట్టిగా పలకడమే గుర్తుకు వస్తుంది కాని, బిగ్గరదనం అందులో ఒక పాలు మాత్రమే. బ్రిటిష్ ధ్వనిశాస్త్రవేత్త డెనిస్ ఫ్రై 1955లోనూ 1958లోనూ ప్రచురించిన ప్రయోగాల్లో, నామవాచకంగా ఒక విధంగానూ క్రియగా మరొక విధంగానూ ఊనిక తీసుకునే ‘పర్మిట్’ వంటి ఇంగ్లీషు పదాలను యంత్రం మీద కృత్రిమంగా పలికించి, వాటి నిడివినీ బిగ్గరదనాన్నీ స్వరస్థాయినీ విడివిడిగా మార్చి శ్రోతలకు వినిపించారు. ఊనిక ఎక్కడ ఉందో నిర్ణయించుకోవడంలో శ్రోతలు బిగ్గరదనం కంటే నిడివి మీద, స్వరస్థాయిలోని మార్పు మీద ఎక్కువగా ఆధారపడ్డారు.

మెదడు లయను అందుకోవడమంటే లోపల ఏం జరుగుతుంది?

మాట ధ్వనిని తెర మీద గీతగా చూస్తే, దాని బలం సెకనుకు సుమారు నాలుగైదుసార్లు పెరుగుతూ తగ్గుతూ కనిపిస్తుంది. ప్రతి ఉబ్బు దాదాపు ఒక అక్షరానికి సరిపోతుంది. భాషలు ఎంత వేరైనా ఈ వేగం పెద్దగా మారదు. 2017లో వెలువడిన ఒక విశ్లేషణ తొమ్మిది భాషల ప్రసంగాలను పరిశీలించి, అన్నింటిలోనూ ఈ హెచ్చుతగ్గులు సెకనుకు ఐదుసార్లు, అంటే ఐదు హెర్ట్జ్‌ల దగ్గర శిఖరానికి చేరుతున్నాయనీ, సంగీతంలో అవి రెండు హెర్ట్జ్‌ల దగ్గర ఉన్నాయనీ చూపించింది.

మెదడులోని నాడీకణాలు కూడా గుంపులుగా లయబద్ధంగా పనిచేస్తాయి. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తలమీద నుంచి విద్యుత్ తరంగాలను మొదటిసారి నమోదు చేసి, 1929లో ఆ సంగతి ప్రకటించారు. ఈ తరంగాల్లో సెకనుకు నాలుగు నుంచి ఎనిమిదిసార్లు ఊగేవాటిని థీటా అనీ, అంతకంటే నెమ్మదిగా ఊగేవాటిని డెల్టా అనీ అంటారు. 2007లో హువాన్ లువో, డేవిడ్ పొపెల్ మెదడు పుట్టించే అయస్కాంత క్షేత్రాలను తల బయటి నుంచి కొలిచే ఎంఈజీ యంత్రంతో శ్రోతల మెదళ్ళను పరిశీలించినప్పుడు, మెదడు పైపొరలో వినికిడిని చూసుకునే శ్రవణ వల్కలంలోని థీటా తరంగాల ఎత్తుపల్లాలు విన్న వాక్యంతో కలిసి నడిచాయి. ఒక్కొక్క వాక్యానికి ఆ నడక వేరుగా ఉండడం వల్ల, ఏ వాక్యం వినిపించిందో మెదడు తరంగాన్ని బట్టే గుర్తించగలిగారు. థీటా అక్షరాల స్థాయిలోనూ, డెల్టా పదబంధాల స్థాయిలోనూ, ఇంకా వేగవంతమైన గామా తరంగాలు హల్లుల వంటి సూక్ష్మ ధ్వనుల స్థాయిలోనూ పనిచేస్తాయని పొపెల్, ఆన్-లీజ్ జిరో 2012లో ప్రతిపాదించారు.

ఇక్కడ ఊనిక పాత్ర ఏమిటన్నది నా దృష్టిలో మరింత ఆసక్తికరం. మూర్ఛ శస్త్రచికిత్స కోసం మెదడు ఉపరితలం మీద ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగులు అంగీకరించి పాల్గొన్న ఒక అధ్యయనాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ ఫ్రాన్సిస్కో విభాగంలో యూలియా ఒగానియన్, ఎడ్వర్డ్ చాంగ్ 2019లో ప్రచురించారు. మెదడులో చెవి పక్కగా ఉండే టెంపొరల్ లోబ్ పైమడతలోని కొన్ని ప్రదేశాలు ధ్వని ఎంత బిగ్గరగా ఉందన్నదానికి కాక, అది ఎంత చురుకుగా పైకి లేస్తోందన్నదానికి స్పందించాయి. ఆ లేచే క్షణం సాధారణంగా హల్లు దాటి అచ్చు మొదలయ్యే చోటు. ఊనిక ఉన్న అక్షరంలో ధ్వని మరింత నిటారుగా లేస్తుంది కనుక స్పందన కూడా పెద్దదవుతుంది. అక్షరం ఎప్పుడు మొదలైందో, అది ఎంత బరువైనదో, రెండు వార్తలూ మెదడుకు ఒకే గుర్తులో అందుతున్నాయన్నమాట.

ఆ తరంగాలు మెదడు సొంత లయా, లేక వచ్చిన ధ్వనికి ప్రతిస్పందన మాత్రమేనా?

ఇది ఇంకా తెగని వివాదం. మెదడులో ముందే ఉన్న లయ మాటతో శ్రుతి కలుపుతుందని ఒక పక్షం వాదిస్తుంది. ప్రతి అక్షరపు అంచుకూ మెదడు విడివిడిగా స్పందిస్తూ పోతే, ఆ స్పందనల వరుసే తరంగంలా కనిపిస్తుందని రెండవ పక్షం అంటుంది. తలమీద నుంచి స్వల్ప విద్యుత్తు ప్రసరింపజేసి మెదడు లయను కదిలిస్తే మాట అర్థమయ్యే తీరు కొంత మారుతుందని చూపిన ప్రయోగాలు మొదటి పక్షానికి బలమిస్తాయి, కాని అవి అన్ని ప్రయోగశాలల్లోనూ ఒకేలా ఫలించలేదు. పత్రికల్లో ‘మెదడు మాటతో కలిసి నాట్యం చేస్తుంది’ అన్న ధోరణి వార్త కనిపించినప్పుడు ఈ వివాదాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

మరీ వేగంగా మాట్లాడితే ఎందుకు అర్థం కాదు?

అక్షరాల వేగం మెదడు అందుకోగల పరిధిని దాటిపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. ఒడెడ్ గిట్జా, స్టీవెన్ గ్రీన్‌బర్గ్ 2009లో చేసిన ప్రయోగం దీనిని చక్కగా నిరూపిస్తుంది. వాక్యాలను మూడు రెట్లు కుదించి వినిపిస్తే శ్రోతలు సగానికి పైగా పదాలను తప్పుగా విన్నారు. అదే కుదించిన ధ్వనిని 40 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్క తరువాత 80 మిల్లీసెకన్ల నిశ్శబ్దం చేర్చినప్పుడు తప్పులు బాగా తగ్గాయి. ధ్వనిలోకి కొత్త సమాచారం ఏదీ రాలేదు. చేరినది నిశ్శబ్దం ఒక్కటే. అయినా ముక్కల రాక మెదడుకు అనువైన లయలో పడేసరికి, పోయిందనుకున్న అర్థం తిరిగి దక్కింది. మాట వినికిడిలో లయ అలంకారం కాదనడానికి నేను మొదట చెప్పే సాక్ష్యం ఇదే.

అర్థం తెలియని భాష వింటున్నప్పుడు కూడా మెదడు ఇలాగే స్పందిస్తుందా?

అక్షరాల స్థాయిలో స్పందిస్తుంది, పదబంధాల స్థాయిలో స్పందించదు. నాయ్ డింగ్, పొపెల్, వారి సహచరులు 2016లో చైనీస్ అక్షరాలను సెకనుకు నాలుగు చొప్పున, మధ్యలో విరామం గాని ఊనిక గాని లేకుండా వినిపించారు. రెండేసి అక్షరాలు ఒక పదబంధం, నాలుగు అక్షరాలు ఒక వాక్యం. చైనీస్ తెలిసినవారి మెదడులో నాలుగు హెర్ట్జ్‌లతో పాటు రెండు హెర్ట్జ్‌ల దగ్గర, ఒక హెర్ట్జ్ దగ్గర కూడా స్పందన కనిపించింది. ఆ భాష రానివారిలో నాలుగు హెర్ట్జ్‌ల స్పందన ఒక్కటే కనిపించింది. ధ్వనిలో లేని లయను భాషాజ్ఞానం లోపలి నుంచి నిర్మించిందన్నమాట.

ఊనికనూ స్వరపు ఎత్తుపల్లాలనూ మెదడులో ఏ భాగం చూసుకుంటుంది?

ఒకే చోటు అని చెప్పలేము. 2017లో క్లైర్ టాంగ్, లిబర్టీ హామిల్టన్, చాంగ్ ఒకే వాక్యాన్ని వేర్వేరు పదాల మీద ఊనిక మార్చి, వేర్వేరు గొంతులతో వినిపించారు. టెంపొరల్ లోబ్ పైమడతలో కొన్ని ప్రదేశాలు ఏ ధ్వనులు పలికారన్నదానికీ, కొన్ని ఎవరి గొంతన్నదానికీ, మరికొన్ని స్వరం ఎలా లేచి పడిందన్నదానికీ స్పందించాయి. ఈ చివరి ప్రదేశాలు మాట్లాడేవారి సహజ స్థాయితో పోల్చి స్వరాన్ని కొలుస్తున్నాయి. అందుకే సన్నని గొంతులోనూ బొంగురు గొంతులోనూ ప్రశ్న మనకు ప్రశ్నగానే వినిపిస్తుంది.

మెదడు కుడి ఎడమ సగాలైన అర్ధగోళాల విషయానికి వస్తే, నెమ్మదిగా మారే స్వరగతి వైపు కుడి అర్ధగోళం కొంత మొగ్గు చూపుతుంది. కుడి అర్ధగోళంలో పక్షవాతం వచ్చిన కొందరు పదాలూ వ్యాకరణమూ చక్కగా ఉన్నా గొంతులో భావం పలికించలేకపోవడాన్ని, ఎదుటివారి గొంతులోని భావాన్ని గ్రహించలేకపోవడాన్ని అమెరికన్ నాడీవైద్యుడు ఎలియట్ రాస్ 1981లో వర్గీకరించారు. ఇటువంటి రోగి ‘మారిపోయాడు, మమకారం లేకుండా మాట్లాడుతున్నాడు’ అని ఇంట్లోవారు బాధపడే ప్రమాదం ఉంది. అది మెదడు దెబ్బ వల్ల వచ్చిన లోపమని వారికి ఎవరైనా వివరించి చెప్పడం ఎంతో అవసరం.

అన్ని భాషలకూ లయ ఒకటేనా?

కాదు, కాని తేడాను కొలవడం అనుకున్నంత సులభంగా జరగలేదు. 1940లో ఆర్థర్ లాయిడ్ జేమ్స్ కొన్ని భాషల లయను మరతుపాకి చప్పుడుతోనూ, ఇంగ్లీషు వంటివాటిని టెలిగ్రాఫ్‌లోని మోర్స్ సంకేతాలతోనూ పోల్చారు. 1945లో కెన్నెత్ పైక్ వాటికి అక్షర లయ, ఊనిక లయ అని పేర్లు పెట్టారు. ఊనిక లయ ఉన్న భాషల్లో రెండు ఊనికల మధ్య కాలం సమానంగా ఉంటుందని డేవిడ్ అబెర్‌క్రాంబీ 1967లో సూత్రీకరించారు. తీరా కొలిచి చూస్తే ఆ సమానత్వం ఎక్కడా దొరకలేదు. అక్షరాల నిర్మాణం, ఊనిక లేనిచోట అచ్చులు నలిగిపోవడం వంటి కారణాలన్నీ కలిసి చెవికి ఆ భ్రమ కలిగిస్తున్నాయని రెబెకా డౌర్ 1983లో వాదించారు. భాషలను పెట్టెల్లో సర్దడం నేడు చాలామంది మానుకున్నారు. అయినా ప్రతి భాష శ్రోతలూ తమ భాషలో నమ్మదగిన కొలమానాన్ని పట్టుకుంటారన్నది నిలిచింది. ధారాళమైన ఇంగ్లీషు సంభాషణలో అర్థవంతమైన పదాల్లో పదింట తొమ్మిది బలమైన అక్షరంతో మొదలవుతాయని ఆన్ కట్లర్, డేవిడ్ కార్టర్ 1987లో లెక్కగట్టారు. అందుకే ఇంగ్లీషు శ్రోత బలమైన అక్షరం వినగానే కొత్త పదం మొదలైందని పందెం కాస్తాడు.

మరి తెలుగు వినేవారి కొలమానం ఏమిటి?

మాత్ర అనడానికి మంచి ఆధారం ఉంది. మన ఛందస్సు లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు లెక్కిస్తుంది. దీర్ఘాచ్చు ఉన్న అక్షరం, సున్న గాని పొల్లుహల్లు గాని చేరిన అక్షరం, సంయుక్తాక్షరానికి గాని ద్విత్వాక్షరానికి గాని ముందున్న అక్షరం గురువులు. ఈ లెక్కన ‘గడి’ రెండు మాత్రలు, ‘గాడి’ మూడు, ‘గడ్డి’ మూడు. ఈ మూడు పదాల మధ్య తేడా అంతా కాలాన్ని ఎక్కడ ఎంత వెచ్చించామన్నదే. తెలుగు బిడ్డ మాట నేర్చుకుంటూ ఈ కాలపు కొలతను తప్పనిసరిగా నేర్చుకుంటుంది, ఎందుకంటే నేర్చుకోకపోతే అర్థాలే తారుమారవుతాయి.

జపనీస్ భాష కూడా ఇటువంటి కొలమానంతోనే నడుస్తుంది. తమ దేశానికి వారు చెప్పుకునే ‘నిప్పొన్’ అనే పేరులో రెండే అక్షరాలు ఉన్నా, జపనీయుల చెవికి అది ని, ప్, పొ, న్ అనే నాలుగు భాగాలు. మన గురులఘువుల లెక్కలో కూడా అది రెండు గురువులు, అంటే నాలుగు మాత్రలే. ఈ పోలికను లలితా మూర్తి, తకాషీ ఒటాకే, ఆన్ కట్లర్ పరీక్షకు పెట్టి 2007లో ఫలితాలు ప్రచురించారు. ముందుగా చెప్పిన ధ్వనిభాగం పదంలో వినిపించగానే స్పందించడం పాల్గొన్నవారి పని. తెలుగువారికి జపనీస్ మాటలు వినిపించినప్పుడు, వెతకవలసిన భాగపు సరిహద్దు మాత్ర సరిహద్దుతో కలవని చోట వారు తడబడ్డారు. అంతకుముందు జపనీయులు తమ భాషలో తడబడిన తీరు కూడా సరిగ్గా ఇదే. జపనీస్‌లో చెల్లే హల్లులు మాత్రమే అక్షరాల చివర ఉన్న తెలుగు పదాలు విన్న జపనీయుల్లోనూ అదే తీరు కనిపించింది. తెలుగువారు తెలుగునే విన్నప్పుడు ఫలితాలు కొంత మిశ్రమంగా ఉన్నాయన్నది దాచకూడని విషయం. అయినప్పటికీ ఎటువంటి కుటుంబ సంబంధమూ లేని రెండు భాషల శ్రోతలు ఒకరి భాషను ఒకరు ఇంత దగ్గరగా విభజించుకోవడం అపురూపమైన సంగతి. మన లాక్షణికులు పద్యం కోసం నిర్ణయించిన కొలతకూ, సాధారణ శ్రోత చెవి రోజూ వాడుకునే కొలతకూ ఇంత సామీప్యం ఉన్నందుకు తెలుగు పాఠశాలల్లో ఛందస్సును మార్కుల కోసం బట్టీ పట్టే అంశంగా కాక, మన వినికిడి స్వభావాన్ని చూపించే పాఠంగా బోధించాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

తెలుగులో ఊనిక అసలే లేదా?

ఊనిక మారినంత మాత్రాన అర్థం మారే పదాల జంటలు తెలుగులో లేవు. వాక్యంలో ఒక పదాన్ని నొక్కి చెప్పవలసి వస్తే మనం ఎక్కువగా ప్రత్యయాలను, పదక్రమాన్ని ఆశ్రయిస్తాం: ‘రాముడే వచ్చాడు’, ‘వచ్చింది రాముడు’. వాటికి తోడు స్వరం కూడా లేస్తుంది.

పిల్లలు లయను ఎప్పటి నుంచి గ్రహిస్తారు?

పుట్టకముందు నుంచే. గర్భం చివరి మూడు నెలల్లో శిశువుకు వినికిడి పనిచేస్తుంది. గోడ అవతల ఎవరో మాట్లాడుతుంటే పదాలు తెలియకపోయినా మాట నడక తెలిసినట్టు, తల్లి శరీరం గుండా శిశువుకు హెచ్చు స్థాయి (సన్నని) ధ్వనులు వడపోతకు గురై లయా స్వరగతీ మాత్రం చేరతాయి. అందుకే నాలుగు రోజుల ఫ్రెంచి శిశువులు ఫ్రెంచిని రష్యన్ నుంచి వేరుచేయగలిగారని జాక్ మెహ్లర్ బృందం 1988లో చూపింది. 1998లో తియెరి నాజీ, మెహ్లర్ బృందం 400 హెర్ట్జ్‌లకు పైనున్న ధ్వనులను తొలగించిన వాక్యాలను వినిపించినప్పుడు, ఫ్రెంచి నవజాత శిశువులు ఇంగ్లీషు, జపనీస్ భాషల తేడాను గుర్తించారు, కాని లయలో దగ్గరగా ఉండే ఇంగ్లీషు, డచ్ భాషల తేడాను గుర్తించలేదు.

మాతృభాష ముద్ర చాలా త్వరగా పడుతుంది. 2007లో అంగెలా ఫ్రీడెరిచి బృందం నాలుగు నెలల జర్మన్, ఫ్రెంచి శిశువులకు ‘బాబా’ వంటి రెండక్షరాల ధ్వనిని ఊనిక స్థానం మార్చి వినిపించి, తలమీద నుంచి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ తీసింది. తమ భాషలో అరుదైన అమరిక విన్నప్పుడే శిశువుల మెదడు పెద్దగా స్పందించింది: జర్మన్ శిశువులకు రెండవ అక్షరం మీది ఊనిక, ఫ్రెంచి శిశువులకు మొదటి అక్షరం మీది ఊనిక వింతగా తోచాయి.

ఇంగ్లీషు ఊనిక మనకు ఎందుకు అంత తొందరగా పట్టుబడదు?

మన చెవి దానిని పట్టించుకోవలసిన అవసరం చిన్నతనంలో రాలేదు. ఊనిక అర్థభేదానికి ఉపయోగపడని ఫ్రెంచి మాట్లాడేవారికి, ఊనిక స్థానం ఒక్కటే వేరుగా ఉన్న పదాలను జ్ఞాపకంలో నిలుపుకోవడం కష్టమవుతుందని ఎమ్మాన్యుయెల్ దుపూ బృందం 1997లో చూపింది. స్పానిష్ వారికి ఆ ఇబ్బంది కలగలేదు. తెలుగువారి కష్టం కూడా ఈ కోవకు చెందుతుందని భావించడానికి కారణం ఉంది, ఎందుకంటే మనం ఇంగ్లీషు పలికేటప్పుడు ప్రతి అక్షరానికీ దాని పూర్తి అచ్చును ఇస్తాం, ఇంగ్లీషువారు నలిపివేసే అచ్చును మనం నిలబెడతాం. బలహీనమైన అక్షరాలు లేకపోతే బలమైన అక్షరం వారి చెవికి ప్రత్యేకంగా వినిపించదు. నేడు ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా ఉన్న హైదరాబాదు సంస్థ నుంచి 1969లో వెలువడిన ఆర్. కె. బన్సల్ అధ్యయనం, భారతీయుల ఇంగ్లీషు ఇతర దేశాల శ్రోతలకు అర్థం కాకపోవడానికి పదాల్లో ఊనిక తప్పడాన్ని ముఖ్యకారణాల్లో ఒకటిగా గుర్తించింది. కనుక అమెరికాకో బ్రిటన్‌కో వెళ్ళే విద్యార్థి యాసను అనుకరించడానికి పడే శ్రమలో కొంత భాగాన్ని, ఏ అక్షరాన్ని సాగదీయాలి, ఏ అక్షరాన్ని తేల్చివేయాలి అన్నది నేర్చుకోవడానికి వెచ్చిస్తే ఎక్కువ ప్రయోజనం ఉంటుంది. మన లయ లోపం కాదు; ఎదుటివారి మెదడు వేరొక కొలమానానికి అలవాటుపడి ఉంది.

మెదడు దెబ్బతిన్నప్పుడు మాట లయ పోతుందా? తిరిగి వస్తుందా?

పోతుంది, పదాలు నిలిచి ఉన్నా పోవచ్చు. 1941లో ఓస్లో మీద జరిగిన వైమానిక దాడిలో తలకు గాయమైన ఒక నార్వే మహిళ కోలుకున్న తరువాత, ఎప్పుడూ విదేశం వెళ్ళకపోయినా, జర్మన్ యాసలో మాట్లాడుతున్నట్టు తోటివారికి వినిపించింది. నార్వే జర్మనీ ఆక్రమణలో ఉన్న రోజులవి. నాడీవైద్యుడు మోన్రాడ్-క్రోన్ 1947లో ఆమె స్థితిని వివరిస్తూ, చెడినది ఆమె మాటలోని స్వరగతీ లయా అని గుర్తించారు.

లయను చికిత్సకు కూడా వాడుతున్నారు. ఎడమ అర్ధగోళంలో పక్షవాతం వచ్చి మాట పడిపోయినవారి కోసం బోస్టన్ వైద్యులు 1973లో ప్రకటించిన పద్ధతిలో, రోగి ఎడమచేత్తో తాళం వేస్తూ పదబంధాలను రాగయుక్తంగా పలుకుతాడు. ఆ మేలులో రాగం వాటా ఎంత, తాళం వాటా ఎంత అన్న చర్చలో కొన్ని ప్రయోగాలు తాళం వైపే మొగ్గాయి. నత్తి ఉన్నవారు సమాన వ్యవధిలో టిక్కుమనే మెట్రోనోమ్ చప్పుడుకు అనుగుణంగా మాట్లాడినా, మరొకరితో గొంతు కలిపి చదివినా చాలామందిలో తడబాటు అప్పటికప్పుడే తగ్గుతుంది. అయితే ఆధారం తీసివేశాక ఆ మేలు సాధారణంగా నిలవదు, కనుక దీనినే నివారణగా ప్రచారం చేసేవారిని నమ్మవద్దు.

చదవడంలో ఇబ్బందికీ లయకూ సంబంధం ఉందా?

చదవడం నేర్చుకోవడంలో ఇబ్బంది కలిగించే డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో చాలామందికి ధ్వని లేచే వేగంలోని తేడాలను గుర్తించడం కష్టమని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయపు ఉషా గోస్వామి చూపించి, మెదడు నెమ్మది లయలను సరిగా అందుకోలేకపోవడం ఇందుకు మూలమని 2011లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. డిస్లెక్సియాకు ఇది ఒక్కటే కారణమని అందరూ అంగీకరించరు.

కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చిన పిల్లలకు లయ వినిపిస్తుందా?

లోపలి చెవిలో అమర్చే ఈ వినికిడి పరికరం ద్వారా లయ బాగానే అందుతుంది, స్వరస్థాయి మాత్రం మసకగా అందుతుంది. ధ్వనిని నాలుగే పట్టీలుగా విడదీసి, ప్రతి పట్టీలో బలం పెరిగి తగ్గే తీరును మాత్రమే నిలిపి, మిగిలినదంతా రొదగా మార్చినా వినికిడి ఉన్న శ్రోతలు వాక్యాలను చాలావరకు అర్థం చేసుకోగలిగారని రాబర్ట్ షానన్ బృందం 1995లో నిరూపించింది. ఇంప్లాంట్ పనిచేసే సూత్రం కూడా అదే. తెలుగులో హ్రస్వదీర్ఘాల తేడా ప్రధానంగా నిడివికి చెందినది కనుక ఈ పిల్లలకు దానిని నేర్పడం సాధ్యమే. గొంతు ఎత్తుపల్లాలను బట్టి తెలిసే భావాన్ని మాత్రం ముఖకవళికలతోనూ మాటలతోనూ తోడుగా తెలియజేయవలసి ఉంటుంది.

పిల్లల మాట లయలో తేడా కనిపిస్తే ఎవరిని సంప్రదించాలి?

మొదట వినికిడి పరీక్ష చేయించాలి, తరువాత వాక్చికిత్సకులను కలవాలి. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలోనూ, సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలోనూ ఈ సేవలు ఉన్నాయి. ఇంట్లో బిడ్డ తెలుగు మాట్లాడుతుంటే పరీక్ష కూడా తెలుగులోనే జరగాలని అడగండి, ఎందుకంటే ఇంగ్లీషు ఊనికల కోసం తయారైన పరీక్ష మాత్రల చెవి ఉన్న బిడ్డలో లేని లోపాన్ని చూపవచ్చు, ఉన్న లోపాన్ని దాటవేయవచ్చు.